తొంభై ఒక్క మార్కుల తగాదా

కండెలపాలెం నేతవీధి వాళ్ళు పెట్టుకున్న అర్జీ సరిగ్గా నలభై మూడు రోజులకు తిరిగొచ్చింది. సర్కారు కాగితం అంత తొందరగా తిరిగొచ్చిందంటే కాదన్నారనే అర్థమని గుంటి పానకాలుకు తెలుసు. ఎందుకు కాదన్నారో మాత్రం రెండుసార్లు చదివినా తలకెక్కలేదు.

"సదరు వీధి ప్రజలు ఇప్పటికే కలిసిమెలిసి జీవించుచున్నట్లు అర్జీలో తామే అంగీకరించియున్నందున, వారిని కలుపుటకు అవకాశము లేదు. కావున జనసంగమ భవనము మంజూరు చేయుట సాధ్యపడదు."

నిజానికి పానకాలు అడిగింది భవనం కూడా కాదు. ఒక రేకుల షెడ్డు. నూరడుగుల పొడుగుంటే చాలు, గోడలు లేకపోయినా ఫరవాలేదు. నూలు మగ్గం ఎక్కే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, వీధి పొడుగునా సాగదీసి, గంజి పెట్టి, పెద్ద కుంచెతో దువ్వాలి. ఆ కుంచెను అటొకరు ఇటొకరు పట్టుకుని, ఒకే అడుగు వేస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయ్యారంటే పోగులు పుటుక్కున తెగిపోతాయి. మిగతావాళ్ళు రెండు పక్కలా నిలబడి తెగిన పోగులు అతుకుతుంటారు. పడుగు ఎవరిదైనా వీధి వీధంతా రావలసిందే. ఈ పని మధ్యలో వాన పడిందా, గంజంతా కారిపోయి నూలు ముద్దయిపోతుంది. కిందటి శ్రావణంలో పానకాలు పడుగు అట్లాగే పోయింది. ఇంకో వానాకాలం ఇదే తీరుగా గడిస్తే సగం మగ్గాలు మూలపడతాయి, మగ్గం దిగినవాళ్ళు పట్నంలో అపార్టుమెంట్ల ముందు కాపలా కుర్చీల్లో తేలతారు. ఆ భయంతోనే అర్జీ పెట్టారు. కాస్త బరువుగా ఉంటుందని పానకాలే చివర ఒక వాక్యం చేర్చాడు: "మా నలభై రెండు ఇళ్ళూ ఒకే ఇల్లులాగా కలిసి పనిచేసుకుంటాము." ఆ వాక్యమే కొంప ముంచింది.

"నీకెందుకయ్యా అంత కవిత్వం?" అన్నది భార్య తులశమ్మ. "షెడ్డు కావాలని రాసి ఊరుకుంటే పొయ్యేదిగా."

మర్నాడు పానకాలు పక్కింటి భావనారాయణను వెంటేసుకుని జిల్లా కేంద్రానికి బయల్దేరాడు. కుంచెకు ఇటు చివర పానకాలైతే అటు చివర భావనారాయణ. ముప్పై ఏళ్ళ జోడీ. చుట్టరికం ఏమిటని అడిగితే ఇద్దరూ చెప్పలేరు గాని, "బావా" అంటే "బావా" అనుకుంటారు.

జనసంగమ ప్రాధికార సంస్థ కార్యాలయంలో సంగమాధికారి వైకుంఠరావు గారు పెళ్ళిపందిరంత గదిలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. తలుపు మీద "అనుమతి లేనిదే ఎవరూ కలవరాదు" అని బోర్డు ఉంది. గంటన్నర తర్వాత అనుమతి దొరికింది.

"చూడండి," అన్నారు ఆయన, "విడిపోయిన ప్రజలను వాస్తుశిల్పం ద్వారా కలపడం మా ధ్యేయం. కలిసి ఉన్నవారినే మళ్ళీ కలిపితే అది ప్రజాధనం దుర్వినియోగం. మందు ఎవరికిస్తాం? జబ్బు ఉన్నవారికి."

"మాకు పని చేసుకోను చోటు కావాలండి అంతే. వానొస్తే..." అన్నాడు పానకాలు.

"చోటు వేరే శాఖ. వాన ఇంకో శాఖ. మాది సంగమం." వైకుంఠరావు గారు ఫైలు తెరిచారు. "వైముఖ్య సూచిక అని ఒకటుంది. ఒక ప్రాంతంలో జనం ఒకరికొకరు ఎంత ఎడమొహం పెడమొహంగా ఉన్నారో అది శాస్త్రీయంగా కొలుస్తుంది. నూటికి అరవై దాటితేనే భవనం. మీ వీధికి వచ్చినవి నాలుగు."

"ఆ నాలుగన్నా ఎట్టా వొచ్చినయ్యండీ?" అన్నాడు భావనారాయణ, ఆశగా.

"సర్వేకు వచ్చినప్పుడు ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు కూరలో ఉప్పు గురించి వాదించుకుంటున్నారు. పదిదాకా వెయ్యవచ్చు. మధ్యలో ఇద్దరూ నవ్వేశారు. ఆరు తగ్గించక తప్పలేదు." ఆయన గొంతులో నిజమైన విచారం ఉంది. "మీ పక్క ఊరి వారిని చూసి నేర్చుకోండి. అక్కడ రెండు పేటల మధ్య శ్మశానం దారి కోసం పదేళ్ళుగా తలకాయలు పగులుతున్నాయి. ఎనభై ఎనిమిది మార్కులు! పాలరాతి భవనం ఇచ్చాం."

"ఇప్పుడు వాళ్ళు కలిశారాండీ?" అని అడిగాడు పానకాలు.

"ఆ అంశం మా సూచికలో లేదు."

పానకాలు లేచాడు. తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి అధికారి గొంతు వినబడింది. "పోట్లాడుకోండి అని నేను చెప్పకూడదు. బాధ్యత గల ఉద్యోగిని. కాని నెలాఖరున మళ్ళీ సర్వే ఉందని మాత్రం చెప్పవచ్చు."

ఆ సాయంత్రమే వీధి యావత్తూ అరుగుల మీద కూర్చుని, ఎవరు ఎవరితో పడకూడదో తీర్మానించుకోవడం మొదలుపెట్టింది. అంత ఐకమత్యంగా జరిగిన సమావేశం ఆ వీధి చరిత్రలోనే లేదు. తగాదాలు పంచుకోవడంలో ఎవరూ వెనక్కి తగ్గలేదు. చూరునీళ్ళ తగాదా నాకంటే నాకని ఇద్దరు పట్టుబడితే, ఒకరు పెద్దమనసుతో వదులుకుని కోళ్ళ తగాదాతో సరిపెట్టుకున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళ రవణమ్మవ్వ మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏందిరా, నాతో పోట్లాడను ఒక్కరూ లేరా? ముసల్దాన్నని అంత లోకువా?"

అందరూ నొచ్చుకుని ఆమెకు ఏకంగా మూడు తగాదాలు కేటాయించారు.

తర్వాత వారం రోజులు తర్ఫీదు నడిచింది. "ఆ మాటకి నాకేం కోపం రావట్లేదు వొదినా, ఇంకోటి ఏదన్నా అను" అని ఒకావిడ అడుగుతుంటే, రెండో ఆవిడ పాపం ఆలోచించి ఆలోచించి ఇంకోటి అనేది. ఘాటుగా తిట్టుకున్న ఇళ్ళవాళ్ళు పొద్దుగూకేలోగా ఒకరికొకరు కూర గిన్నెలు పంపుకున్నారు. ఇక అన్నిటికన్నా పెద్ద తగాదా పానకాలుకూ భావనారాయణకూ పడింది. కుంచె పట్టే జోడీయే విడిపోయిందంటే వీధి నిలువునా చీలినట్టేనని అందరూ తేల్చారు.

"మనకేందిలే బావా," అన్నాడు భావనారాయణ, నవ్వుతూ. "నాలుగు మాటలు అనుకుందాం. షెడ్డు వొస్తది."

నెలాఖరున వైకుంఠరావు గారు కారు దిగేసరికి వీధి రెండు పక్కలా అరుపులే అరుపులు. రవణమ్మవ్వ ఒంటి చేత్తో మూడు ఇళ్ళమీద దుమ్మెత్తి పోస్తోంది. ఆయన ముఖం వికసించింది. కాని నిబంధనల ప్రకారం అరుపులు చాలవట. ముఖ్య ప్రత్యర్థులు ఇద్దరూ ఎవరికి వారు విడిగా కూర్చుని, తమ వైముఖ్యానికి కారణం స్వహస్తాలతో రాసివ్వాలి.

పానకాలు కాగితం ముందు కూర్చుని చెమటలు కక్కాడు. ముప్పై ఏళ్ళు వెనక్కీ ముందుకీ వెతికినా భావనారాయణ మీద రాయడానికి ఒక్క ముక్క దొరకలేదు. చివరికి "అతని మేక మా గంజి తాగినది" అని రాసి వేలిముద్రలాంటి సంతకం చేశాడు. భావనారాయణకు మేక లేదు.

అవతలి గదిలో భావనారాయణ ముప్పావు గంట రాశాడు. మధ్యలో ఇంకో కాగితం అడిగి తీసుకున్నాడు.

పదిరోజుల్లో ఫలితం వచ్చింది. తొంభై ఒక్క మార్కులు! జిల్లాకే ప్రథమ స్థానం. కలిసి సంబరం చేసుకుంటే మార్కులు ఎక్కడ పోతాయోనని, నలభై రెండు ఇళ్ళవాళ్ళూ ఎవరింట్లో వాళ్ళు తలుపులేసుకుని పాయసం వండుకు తిన్నారు.

పాయసం అరగకముందే రిజిస్టరు పోస్టులో ఒక కవరు వచ్చింది. సహజ న్యాయసూత్రాలను అనుసరించి ప్రతి ప్రత్యర్థికీ అవతలి వారి వాఙ్మూలం నకలు పంపాలట. పానకాలు నవ్వుకుంటూ విప్పాడు. బావ ఏ మేక గురించి రాశాడో చూద్దామనుకున్నాడు.

"పానకాలు కుంచె పట్టినాడంటే తన అడుగే అడుగు. నాది పొట్టి అడుగు. ముప్పై ఏండ్లుగా అతని అడుగు అందుకోను నేను సగం పరుగెత్తుతా ఉన్నాను. ఎడమ మోకాలు నొప్పి. పోగు తెగితే అందరూ నా వంకే చూస్తారు, అతని వంక చూడరు. ఒక్కనాడు కూడా 'బావా, ఇయ్యాల నీ అడుగు వేద్దాం' అని అనలేదు. నేను అడగలేదు. అడిగితే పడుగు చెడుతుందని అడగలేదు."

అట్లా రెండు కాగితాలు.

పానకాలు రెండోసారి చదివాడు. కాగితం తులశమ్మ చేతిలో పెట్టాడు. "చూశావా? ముప్పై ఏళ్ళు నవ్వుతా నా పక్కన నడిచి, కడుపులో ఇంత పెట్టుకున్నాడు."

తులశమ్మ నింపాదిగా చదివింది. "ఇందులో అబద్ధం ఏదన్నా రాశాడా?"

ఒక్క అబద్ధమూ లేకపోవడమే పానకాలుకు మరీ మంట పుట్టించింది. బయటికొచ్చేసరికి భావనారాయణ తన అరుగు మీద ఇంకో కవరు పట్టుకుని పగలబడి నవ్వుతున్నాడు. "నాకు మేకెక్కడిది బావా? రాస్తే రాశావు, కనీసం బర్రె అని రాయకపోయావా?"

పానకాలు వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ చప్పుడుకు భావనారాయణ నవ్వు ఆగిపోయింది.

సర్దుకోవాలంటే ఆ పూటే సర్దుకోవాల్సింది. మర్నాడే వీధి మొదట్లో గొడుగు కింద కుర్చీ వేసుకుని ఒక వైముఖ్య పరిశీలకుడు దిగాడు. సంగమం అనేది భవనం ప్రారంభోత్సవం రోజునే సంభవించాలి. అంతకు ముందే జనం ఎక్కడ పడితే అక్కడ కలిసిపోతే భవనానికి ఆ ఘనత దక్కదు కనక, మంజూరు రద్దు. ఎవరైనా పక్కింటి వంక చూసి నవ్వారా, ఆయన పుస్తకంలో రాసుకునేవాడు. పడుగులు వీధిలో వెయ్యడం ఆగిపోయింది. ఎవరికి వారు పక్క ఊరి మిల్లులో గంజి పెట్టించి తెచ్చుకున్నారు. ఆ నూలు మగ్గం మీద అప్పడంలా విరిగేది. అన్నిటికన్నా ఎక్కువగా విరిగింది పానకాలు మగ్గం మీదే. తప్పు మిల్లుదని అనడానికి అతనికి నోరు రాలేదు.

ఇంతలో భవనం నమూనా పట్టుకుని ఆర్కిటెక్టు అమోఘ్ గారు రాష్ట్ర రాజధాని నుంచి వచ్చారు. నల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు. ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ప్రజలు ఒకచోట చేరకూడదు కనక ఒక్కొక్కరినే పిలిచి సేకరించారు. పానకాలు వంతు వచ్చినప్పుడు బల్లమీద థర్మోకోలుతో చేసిన గుండ్రటి దిబ్బరొట్టె లాంటిది ఉంది.

"వృత్తం!" అన్నారు అమోఘ్ గారు. "వృత్తానికి మూలలుండవు. మూలలు లేని చోట మనిషి ఒంటరిగా దాక్కోలేడు. ఈ గోడలు ఆలింగనాలు. ఈ నడిమధ్య శూన్యం ఉంది చూశారూ, అది మీ వీధి ఆత్మ."

పానకాలు ప్రాణం ఉసూరుమంది. పడుగు తిన్నటిది. నూరడుగుల పోగును గుండ్రంగా తిప్పి దువ్వడం బ్రహ్మదేవుడి తరం కూడా కాదు. షెడ్డు కోసమని స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు, ఇప్పుడు షెడ్డు కూడా పోతోంది. ఉన్నమాట చెబితే "చోటు వేరే శాఖ" అంటారని అతనికి అనుభవమే. కాసేపు దిబ్బరొట్టె చుట్టూ తిరిగి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"చాలా బాగుందండీ. కాకపోతే చిన్న అనుమానం. పడనోళ్ళు ఇద్దరు ఇందులోకి వొచ్చారనుకోండి. ఒకడు ఇటు గోడెమ్మట పోతాడు, ఒకడు అటు గోడెమ్మట పోతాడు. జన్మంతా తిరిగినా ఎదురుపడరుగదండీ."

అమోఘ్ గారు కళ్ళద్దాలు తీశారు.

"అదే పొడుగ్గా, సన్నంగా ఉందనుకోండి," పానకాలు వినయంగా కొనసాగించాడు. "నూరడుగుల పొడుగు. అటు చివర ఒకడు, ఇటు చివర ఒకడు. ఎంత తప్పుకుందామన్నా మధ్యలో ఎదురుపడక చస్తారా?"

వైకుంఠరావు గారు ఆర్కిటెక్టు వంక భయంగా చూశారు. అమోఘ్ గారి కళ్ళు చెమర్చాయి.

"అనివార్య సంగమ మార్గం!" అన్నారాయన. "తప్పించుకోలేని సామీప్యం! పద్నాలుగు అడుగుల వెడల్పు... నడుమ స్తంభాలు లేకుండా... నాకు ఈ ఆలోచన ఇప్పుడే తట్టింది."

"తమరికి తట్టకేం చేస్తదండీ," అన్నాడు పానకాలు.

ఎనిమిది నెలల్లో భవనం లేచింది. అచ్చం నూరడుగుల రేకుల షెడ్డులాగే ఉంది, ఒక్క ముఖద్వారం మీద మాత్రం రెండు సిమెంటు చేతులు కలుసుకోబోయి ఆగినట్టు ఉన్నాయి. రోజూ వీధిలోంచి ఆ పొడుగు చూసుకుంటే పానకాలుకు కడుపు నిండేది. పక్క అరుగు మీద భావనారాయణ కూడా దాన్నే చూస్తుండేవాడు. ఎనిమిది నెలలు దాటినా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. పరిశీలకుడు దాన్ని ఆదర్శప్రాయమైన క్రమశిక్షణగా నమోదు చేశాడు.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే ఆకాశం మబ్బేసింది. శామియానా, మైకు, పూలదండలు. కార్యక్రమ పత్రంలో "11.20: ప్రత్యర్థుల కరచాలనం, 11.25: ఆనందబాష్పాలు; 11.30: అల్పాహారం" అని అచ్చేశారు. వేదిక వెనక బంట్రోతు ఒకడు కొబ్బరికాయంత తాళం కప్ప పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదెందుకండీ?" పానకాలు వైకుంఠరావు గారిని అడిగాడు.

"ముగింపు నిబంధన. కరచాలనంతో మీ వీధి సంగమించినట్టే కదా? ఇక భవనం అవసరం తీరిపోయింది. తాళం వేసి, తాళంచెవి శాఖకు జమ చేస్తాం. జ్వరం తగ్గినవాడు ఆస్పత్రి మంచం ఖాళీ చెయ్యాలా వద్దా?"

"తగ్గకపోతేనండీ?"

"తగ్గకపోతే తెరిచే ఉంచాలి. తగ్గేదాకా. అదే నిబంధన."

పానకాలు చుట్టూ చూశాడు. ఈ సంగతి భావనారాయణ చెవిన వెయ్యాలి. ఎట్లా వేస్తాడు? అతను వేదిక అవతలి చివర కూర్చుని ఉన్నాడు, మధ్యలో పదిమంది అధికారులు. అంతలోనే మైకులో ఇద్దరి పేర్లూ పిలిచారు. రాజధాని నుంచి వచ్చిన సంస్థ డైరెక్టరు గారు పానకాలు చెయ్యి ఒక చేత్తో, భావనారాయణ చెయ్యి ఒక చేత్తో పట్టుకుని దగ్గరకు లాగారు. ఫోటోగ్రాఫరు ఒంటికాలి మీద నిలబడ్డాడు. భావనారాయణ ముఖంలో ఒక బెదురు నవ్వు వచ్చి నిలిచింది. అతని చెయ్యి ముందే కాస్త ముందుకు వచ్చి ఉంది.

పానకాలు తన చెయ్యి విదిలించుకున్నాడు.

"నీతో చేతులు కలపటమేంది!" అని మైకు అదిరేట్టు అరిచాడు. "ముప్పై ఏళ్ళు మోకాలు నొప్పితో నా ఎనక పరుగెత్తి, ఒక్కనాడన్నా నోరు తెరిచి చెప్పావా? సర్కారు కాగితం మీద రాస్తావా? నీకు నేనంత కానోణ్ణయ్యానా?"

భావనారాయణ ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు నటన కాదు. "చెప్తే వినే మొహమేనా నీది? నువ్వు ఒక్కసారన్నా పక్కకి తిరిగి చూశావా? నవ్వుతా వొచ్చినోడి మొహాన తలుపేసినోడివి!"

"వేశాను! తప్పు నాదని తెలిసే వేశాను! నీ మొహం చూళ్ళేక వేశాను!" పానకాలు అరుపు ఆపలేదు. "ఇయ్యాల్టి నుంచీ నీ అడుగే! నేనూ పొట్టి అడుగులే వేస్తాను! ఎట్టా నడుస్తావో చూస్తా! అదుగో, మనం కలిస్తే షెడ్డుకి వెయ్యాలని తాళం తెచ్చి పెట్టుకున్నారు! చెప్పు, కలుస్తావా నాతో?"

భావనారాయణ వెనక్కి తిరిగి బంట్రోతు చేతిలోకి చూశాడు. ఒక్క క్షణం. మళ్ళీ పానకాలు వంక తిరిగేసరికి అతని కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, గొంతు మాత్రం ఖంగుమంది.

"నీతోనా? చచ్చినా కలవను!"

అంతే, కింద కూర్చున్న వీధంతా ఒక్కసారి లేచింది. చూరునీళ్ళు, కోళ్ళు అన్నీ మళ్ళీ బయటికొచ్చాయి. రవణమ్మవ్వ తన మూడు తగాదాలతో సరిపెట్టుకోకుండా డైరెక్టరు గారితో నాలుగోది పెట్టుకుంది. తులశమ్మ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి నిలబడింది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని పరిశీలకుడు రాసుకున్నాడు.

డైరెక్టరు గారు కారెక్కుతూ కోపంగా ఏదో అన్నారు. వైకుంఠరావు గారు మాత్రం ఏమీ కంగారు పడలేదు. పైపెచ్చు కాస్త గర్వంగానే పుస్తకం తీసి, బంట్రోతుకు తాళం కప్ప కారులో పెట్టమని సైగ చేసి, రాయడం మొదలుపెట్టారు. "సంగమము సంభవించలేదు. తొంభై ఒక్క మార్కులు తొంభై ఆరుకు పెంచడమైనది. సంగమము సంభవించువరకు భవనమును తెరిచి ఉంచవలెను."

చినుకులు మొదలయ్యాయి. జనం అరుచుకుంటూనే శామియానా కిందనుంచి పొడుగాటి రేకుల కిందికి చేరారు. భావనారాయణ వేలు చూపించి, పళ్ళు కొరుకుతూ, వీధంతా వినబడేట్టు అడిగాడు.

"రేపు పొద్దున పడుగు ఎవరిదిరా?"

"నాదేరా!" అని అరిచాడు పానకాలు. "తెల్లారేసరికి రాకపోయావా, నీ ఇంటికొచ్చి ఈడ్చుకొస్తా!"

వైకుంఠరావు గారు కలం ఆపి, ఆ మాట కూడా విని, కింద ఇంకో వాక్యం చేర్చారు. "బెదిరింపులు కొనసాగుచున్నవి."